మావయ్య పెట్టిన కేబుళ్ళు

ఆరేళ్ళు ఒక పెద్దాయన నా తప్పును తన తప్పనుకుని మోశాడు. నేను చూస్తూ ఊరుకున్నాను. ఊరుకోవడం కూడా ఒక పనేనని, దానికీ రోజూ ఒళ్ళు అలుస్తుందని ఈ ఆరేళ్ళలో తెలిసింది. ఈ సంగతి మా ఆయనకు ఇంకా తెలియదు. ఇంటికెళ్ళి చెప్పాలి. ముందు మీకు చెబుతున్నాను. నేనెవరో మీకు తెలియదు కాబట్టి చెప్పగలుగుతున్నానేమో. అలా అయితే ఇది కూడా పిరికితనమే. సరే, పిరికిదాన్నే. ఆ మాట ముందే అనేసుకుంటే తర్వాత చెప్పేది మీకు వింతగా ఉండదు.

నాకు భయం. ఫోన్‌లో మెయిల్ వచ్చిన చప్పుడు వింటే చేతిలో పని వదిలేసి ముందు అదే చూసేదాన్ని. ఆ చప్పుడు తీసేశాను. తీసేశాక ఇంకా ఘోరం. ఎప్పుడు వచ్చి కూర్చుందో తెలియక పది నిమిషాలకోసారి తెరిచి చూసుకుంటాను. కాలేజీ గేటు దగ్గర కొత్త కారు కనిపిస్తే ఎక్కడి నంబరా అని చదువుతాను. క్లాసు మధ్యలో ప్యూను తలుపు దగ్గరికొచ్చి, ప్రిన్సిపాల్ సార్ పిలుస్తున్నారు మేడమ్ అంటే బోర్డు మీద రాస్తున్న చెయ్యి ఆగిపోతుంది. తీరా వెళ్తే ఏదో టైమ్‌టేబుల్ గొడవ. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, ఎవరూ అడగని ప్రశ్నలకు నా దగ్గర జవాబులు తయారుగా ఉంటాయి. నడుస్తూ కూడా వాటినే వల్లె వేసుకుంటాను.

నేను భిలాయిలోనే పుట్టాను. మా నాన్న విజయనగరం వైపు నుంచి వచ్చి ఇక్కడి ఉక్కు ప్లాంటులో చేరాడు. సెక్టర్ 6లో కంపెనీ క్వార్టర్లో పెరిగాను. ఇంట్లో తెలుగు, గుమ్మం దాటితే హిందీ. తెలుగు చదవడం, రాయడం మా అమ్మ పట్టుబట్టి నేర్పింది. ఇప్పుడు ఈ స్టాఫ్ రూములో కూర్చుని రాస్తున్నాను. నా పక్క బల్ల దగ్గర ఇద్దరు పేపర్లు దిద్దుతున్నారు. ఈ గదిలో తెలుగు చదవగలిగేవాళ్ళు లేరు. చూశారా, ఒప్పుకునేటప్పుడు కూడా ఎంత జాగ్రత్త.

మెకానికల్ ఇంజనీరింగ్ చదివాను. ఊరి పక్కన ఫ్యాక్టరీలుండే హథ్‌ఖోజ్‌లో ఒక చిన్న డిజైన్ ఆఫీసులో రెండేళ్ళు పనిచేసి, ఆ తర్వాత ఇక్కడి ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీలో లెక్చరర్‌గా చేరాను. కాలేజీ పేరు చెప్పను. చెప్పినా చెప్పకపోయినా జరిగింది మారదు.

అప్పల్నాయుడు గారు మా పక్క క్వార్టర్ మనిషి. శ్రీకాకుళం వాళ్ళు. మాకు చుట్టరికం ఏమీ లేదు, కానీ నాకు మాటలొచ్చినప్పటి నుంచి ఆయన మావయ్య, ఆవిడ అత్తయ్య. ఆయన ప్లాంటులో రోలింగ్ మిల్లులో ఎలక్ట్రీషియన్. ముప్ఫై నాలుగేళ్ళ సర్వీసు. మా వీధిలో ఎవరింట్లో ఫ్యాను ఆగినా ఎలక్ట్రీషియన్ కోసం వెతికేవాళ్ళు కాదు, మావయ్య షిఫ్టు ఎప్పుడు దిగుతాడో కనుక్కునేవాళ్ళు. సైకిలు స్టాండు వేసి, చొక్కా కూడా మార్చకుండా వచ్చేవాడు. చిన్నప్పుడు నేను టార్చిలైటు పట్టుకుని నిలబడేదాన్ని. వైరు చూడగానే దాని జబ్బేమిటో చెప్పేసేవాడు. నేను ఇంజనీరింగ్‌లోకి రావడానికి సగం కారణం ఆ టార్చిలైటే.

రిటైరయ్యాక ఆయనకు తోచలేదు. ఇంట్లో ప్లగ్గులన్నీ విప్పి మళ్ళీ బిగిస్తున్నాడని, ఎక్కడైనా చిన్న పని చూడమని అత్తయ్య నాతో మొరపెట్టుకుంది. నేను మా డిపార్ట్‌మెంట్ హెడ్‌తో మాట్లాడి కంప్యూటర్ ల్యాబులో టెక్నీషియన్‌గా కాంట్రాక్టు మీద పెట్టించాను. ఆ రోజు ఎంత గొప్పగా అనిపించిందో. కాలేజీలో ఆయన నన్ను మేడమ్ గారూ అనేవాడు, ఇంటి దగ్గర పాపా అనేవాడు. ఈ రెండూ ఏనాడూ కలిపేవాడు కాదు.

ప్లాంటులో ఒక పద్ధతి ఉంది. మెషీన్ మీద పని మొదలుపెట్టేవాడు ముందు కరెంటు ఆపి, ఆ స్విచ్‌కు తన పేరున్న ట్యాగ్ తగిలిస్తాడు. ఆ ట్యాగ్‌ను అతనే తియ్యాలి. ఎంత పెద్ద ఆఫీసరు వచ్చినా ముట్టుకోకూడదు. లోపల చెయ్యి పెట్టిన మనిషి ప్రాణం ఆ అట్టముక్క మీద ఆధారపడి ఉంటుంది. ట్యాగ్ మీద ఎవరి పేరుంటే మంచైనా చెడైనా వాళ్ళదే. మావయ్య ఆ పద్ధతిని మా ల్యాబుకు మోసుకొచ్చాడు. ఇరవై నాలుగు కంప్యూటర్లకూ తన పేరే పెట్టాడు. అప్పల్నాయుడు ఒకటి, అప్పల్నాయుడు రెండు, అలా చివరి దాకా. బయట అంటించిన చీటీ మీదా అదే, కంప్యూటర్ లోపలి పేరూ అదే. ఆ లోపలి పేర్లు దగ్గరుండి టైపు చేసి ఇచ్చింది నేనే. ఇదేం చోద్యం మావయ్యా, ఎవరైనా కంప్యూటర్‌కు తమ పేరు పెట్టుకుంటారా అని నవ్వాను. పని నాదైనప్పుడు పేరు ఇంకెవరిది పెడతామని ఆయన అన్నాడు.

ఒక రిజిస్టరు కూడా పెట్టాడు. మిల్లులో షిఫ్టు మారేటప్పుడు రాసే పుస్తకం లాంటిది. పొద్దున్న ఎనిమిదింటికి వచ్చి, ప్రతి కంప్యూటరూ చూసి, ఏ రోజు ఏం చేశాడో అందులో రాసి సంతకం పెట్టేవాడు. ఎవరూ అడగలేదు. ఎవరూ చదివేవాళ్ళు కాదు.

ఇప్పుడు అసలు సంగతి. మా ల్యాబులో ఒక సాఫ్ట్‌వేర్ ఉంది. మనం గీసిన భాగం మీద బరువు పడితే అది ఎక్కడ వంగుతుందో, ఎక్కడ విరుగుతుందో రంగుల్లో చూపిస్తుంది. చాలా ఖరీదు. కాలేజీ కొన్న లైసెన్సులు ఐదు. అంటే ఐదు కంప్యూటర్లలోనే నడుస్తుంది. పిల్లలు వంతులు వేసుకునేవాళ్ళు. అలా నెట్టుకొస్తుండగా కాలేజీ గుర్తింపు కోసం తనిఖీ బృందం వస్తోందన్నారు. అన్ని కంప్యూటర్లలోనూ ఆ సాఫ్ట్‌వేర్ తెరిచి చూపించాలని హెడ్ మీటింగులో చెప్పాడు. మరి లైసెన్సులు అని నేను అడిగాను. దేఖ్ లీజియే మేడమ్ అన్నాడు. ఆ చూసుకోండిలో ఏముందో ఇద్దరికీ తెలుసు. కానీ ఆయన దొంగ కాపీ పెట్టమని అనలేదు. ఆయన మీదికి నెట్టి తప్పించుకునే వీలు నాకు లేదు. ఆరేళ్ళలో చాలాసార్లు ప్రయత్నించాను, నిలవలేదు.

హథ్‌ఖోజ్ ఆఫీసు వదిలేటప్పుడు నా పెన్‌డ్రైవ్‌లో ఆ సాఫ్ట్‌వేర్ కాపీ ఒకటి తెచ్చుకున్నాను. తాళం పగలగొట్టిన కాపీ. మా వాళ్ళు క్రాక్ అంటారు. తనిఖీ సోమవారం. ముందు రోజు ఆదివారం మధ్యాహ్నం, ఆఫీసులో ఉండే రెండో తాళంచెవి తీసుకుని ఒక్కదాన్నే ల్యాబుకు వెళ్ళాను. మావయ్యకు చెప్పలేదు. ఎందుకు చెప్పలేదు? చెబితే ఆయన ఇదేమిటని అడుగుతాడు. అడిగితే నేను చెప్పాలి. చెబితే తన ట్యాగ్ ఉన్న మెషీన్ మీద దాన్ని పెట్టనివ్వడు. ఇవన్నీ అప్పుడే తెలుసు నాకు. తెలిసే చెప్పలేదు.

కొత్తది ఎక్కించాలంటే ఆయన అకౌంటులోంచి లోపలికి వెళ్ళాలి. పాస్‌వర్డ్ రిజిస్టరు మొదటి పేజీలో ఆయనే రాసి పెట్టుకున్నాడు. క్రాక్‌తో పాటు వచ్చిన సూచనల్లో ముందుగా ఉన్నది ఒకటే. నెట్ కేబుల్ పీకెయ్యాలి, మళ్ళీ ఎప్పటికీ పెట్టకూడదు. పెడితే ఆ సాఫ్ట్‌వేర్ తాను ఏ కంప్యూటర్లో ఉందో తన కంపెనీకి చెప్పేసుకుంటుంది. పంతొమ్మిది కంప్యూటర్ల వెనకాల పంతొమ్మిది కేబుళ్ళు పీకాను. వరండాలో కుక్క నడిచినా ఉలిక్కిపడ్డాను. పని అయ్యేసరికి నా జాకెట్టు వీపు మొత్తం తడిసిపోయింది. వచ్చిన దారినే ఇంటికెళ్ళి ఏమీ ఎరగనట్టు పప్పుకు పోపు పెట్టుకున్నాను.

సోమవారం నేను వచ్చేసరికి పది అయింది. మావయ్య ఎనిమిదింటికే వచ్చాడు. పంతొమ్మిది కేబుళ్ళు వేలాడుతూ కనిపించాయి. తుడిచేవాళ్ళు బల్లలు జరిపినప్పుడు ఊడిపోయాయని అనుకున్నాడు. మోకాళ్ళ నొప్పుల మనిషి, ఒక్కొక్క బల్ల కిందికి దూరి, ఒక్కొక్కటీ తుడిచి, చిటుక్కుమనేదాకా నొక్కి పెట్టాడు. తనిఖీవాళ్ళు వచ్చే రోజు ఇలా ఉంటే పరువు పోయేది కదా మేడమ్ గారూ అని నాతో సంతోషంగా చెప్పాడు. రిజిస్టర్లో రాసి సంతకం కూడా పెట్టాడు. అప్పుడైనా ఆయన్ని పక్కకు పిలిచి చెప్పి ఉంటే? పదకొండింటికి తనిఖీ. వరండాలో పూలకుండీలు సర్దుతున్నారు. నేను ఏమన్నానో నాకు మాట మాటా గుర్తుంది. మంచి పని చేశారు మావయ్యా అన్నాను.

ఈ మాట గుర్తుపెట్టుకోండి. నేను మర్చిపోదామని చాలా చూశాను.

తనిఖీ బాగా జరిగింది. ఆ వారమే అవన్నీ తీసేద్దామనుకున్నాను. తీయలేదు. పిల్లలు వంతులు మానేసి హాయిగా ప్రాజెక్టులు చేసుకుంటున్నారు. అది పైకి చెప్పుకునే కారణం. లోపలి కారణం వేరు. అప్పటికి నేను పీహెచ్‌డీ చేస్తున్నాను. నా సిద్ధాంత గ్రంథంలో ఉన్న రంగుల బొమ్మల్లో సగం ఆ దొంగ కాపీలోంచి వచ్చినవే. సెలవు రోజుల్లో ఒకేసారి ఆరు కంప్యూటర్లలో లెక్కలు నడిపించుకునేదాన్ని. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టే. కేబుళ్ళు మళ్ళీ పీకితే మావయ్య ఎందుకని అడుగుతాడు. కంపెనీవాళ్ళకు భిలాయిలో ఒక మూల ల్యాబు ఏం కనిపిస్తుందిలే అనుకున్నాను.

కనిపించింది. నాలుగు నెలలకు ప్రిన్సిపాల్‌కు ఆ కంపెనీ లాయర్ల నుంచి నోటీసు వచ్చింది. ఏ కంప్యూటర్, ఏ తేదీ, ఎన్ని గంటలు, వరుసగా రాసి పంపారు. ప్రతి వరుసలోనూ ఒకటే పేరు. అప్పల్నాయుడు ఆరు, అప్పల్నాయుడు ఏడు, అలా ఇరవై నాలుగు దాకా. ప్రిన్సిపాల్ పైకి చదువుతుంటే నేను కిటికీలోంచి బయటికి చూస్తూ నిలబడ్డాను. తేలు కుట్టిన దొంగ అని మన సామెత. కుయ్యిమనడానికి లేదు.

కాలేజీ మొదట వాదించింది. మేం చదువు చెబుతున్నాం, వ్యాపారం చెయ్యడం లేదు, పిల్లలు నేర్చుకుంటే ఆ కంపెనీకే లాభం కదా అని. చదువైనా లైసెన్సు లైసెన్సేనని వాళ్ళు. ఉత్తరాలు అటూ ఇటూ మూడు నెలలు తిరిగాయి. చివరికి వాళ్ళు ఒక మెలిక పెట్టారు. ఇది కాలేజీకి తెలిసి జరిగిందా, ఒక మనిషి సొంతంగా చేశాడా తేల్చి చెప్పమన్నారు. కాలేజీకి తెలిసి జరిగితే కేసు. ఒక మనిషి పని అయితే, కొత్త లైసెన్సులు కొని రాజీ చేసుకోవచ్చు. అప్పటి నుంచి కాలేజీకి ఒక మనిషి కావలసి వచ్చాడు. పేరు నోటీసులోనే ఉంది.

ముగ్గురితో విచారణ కమిటీ వేశారు. వైస్ ప్రిన్సిపాల్, మా హెడ్, సాఫ్ట్‌వేర్ సంగతి తెలిసిన మనిషిగా నేను. మీరు సరిగ్గానే చదివారు. నేను. వద్దని చెప్పడానికి ఏ కారణం చెప్పినా అనుమానం వస్తుందేమోనని ఒప్పుకున్నాను. ఒప్పుకున్నాక ఇంకో సంగతి అర్థమైంది. ఆ కాపీ ఎక్కించింది ఆదివారం మధ్యాహ్నమని ప్రతి కంప్యూటర్ లోపలా రాసి ఉంటుంది. ఆ ఆదివారం మావయ్య రాయపూర్లో ఒక పెళ్ళిలో ఉన్నాడు, వంద మంది చూశారు. లోపలికి వెళ్ళి ఆ సమయం చూడాలన్న తెలివి కమిటీలో ఒక్కదానికే ఉంది. ఆ ఒక్కదాన్నే, వైరస్ భయం అని చెప్పి, మర్నాడు ఇరవై నాలుగు కంప్యూటర్లనూ పూర్తిగా తుడిచేశాను.

నివేదిక రాసింది కూడా నేనే. అందులో ఒక వాక్యం ఉంది. టెక్నీషియన్ అకౌంటు నుంచి అనుమతి లేని సాఫ్ట్‌వేర్ ఎక్కినట్టు రికార్డులు సూచిస్తున్నాయి. 'సూచిస్తున్నాయి' అనే మాట కోసం పావుగంట కూర్చున్నాను. అబద్ధం ఆడకుండానే అబద్ధం చెప్పే మాట అది. ఎంత బాగా కుదిరిందో అని ఒక క్షణం సంతోషం కూడా వేసింది. ఇది చెప్పకపోతే మిగిలినదంతా చెప్పీ ఉపయోగం లేదు.

కమిటీ ముందు మావయ్య చేతులు కట్టుకుని నిలబడ్డాడు. తానేమీ ఎక్కించలేదన్నాడు. మరి నోటీసులో మొదటి తేదీ, ఆ సోమవారం, ఏం చేశావని అడిగితే రిజిస్టరు తెరిచి చూపించాడు. కేబుళ్ళు పెట్టినట్టు ఆయన చేతిరాతే ఉంది. దాన్నే సాక్ష్యంగా తీసుకున్నారు. విచారణ అయ్యాక ల్యాబులో ఒక్కదాన్నే ఉండగా ఆ రిజిస్టరు చంకలో పెట్టుకుని వచ్చాడు. కాలేజీ ఆవరణలో నన్ను పాపా అని పిలవడం అదే మొదలు.

"పాపా, ఏటైనాదో నాకు తెలవడం నేదు. నాను ఏటీ ఎక్కించనేదు. కేబుళ్ళు పెట్టినాను, బస్, అంతే. నువ్వు సదువుకున్నదానివి. నాను సేసినదాంట్లో గల్తీ ఎక్కడున్నాదో సెప్పు, రాసుకుంతాను."

పెన్ను మూత తీసి పట్టుకున్నాడు. నిజంగానే రాసుకోవడానికి వచ్చాడు. తన మీద పడిన నింద కంటే, తన పనిలో దొర్లిన తప్పేమిటో తెలియకపోవడమే ఆయన్ని ఎక్కువ కోస్తోంది. చెప్పడానికి అంతకంటే మంచి క్షణం దొరకదు. నోరు తెరిచాను.

"ఆ కేబుళ్ళు ముట్టుకోకుండా ఉండాల్సింది మావయ్యా" అన్నాను.

"పెట్టకూడదేటి?"

"వాటిని నెట్‌కు కలపబట్టే కదా ఇదంతా బయటికొచ్చింది. కలపకపోతే ఏమీ అయ్యేది కాదు."

రిజిస్టర్లో ఆ సోమవారం పేజీ తీసి తన రాత మీద వేలు పెట్టాడు.

"వైరు ఏలాడతంటే సూసి ఒగ్గీమంతావా?"

"మనకు తెలియనప్పుడు ముట్టుకోకూడదు, మావయ్యా."

"అయితే నాదే" అన్నాడు. రాసుకోలేదు. పెన్ను మూత పెట్టి జేబులో పెట్టుకున్నాడు.

నేనన్న మాటల్లో విడివిడిగా చూస్తే అబద్ధం ఒక్కటీ లేదు. అందుకే ఆయన నమ్మాడు. ఇంకెవరు చెప్పినా నమ్మేవాడు కాదు. టార్చిలైటు పట్టుకున్న పిల్ల చెప్పింది కాబట్టి నమ్మాడు.

ఆ నెలతో ఆయన కాంట్రాక్టు ఆపేశారు. చివరి రోజు వచ్చి ఇరవై నాలుగు కంప్యూటర్ల మీది చీటీలూ ఒక్కొక్కటే గోరుతో గీకి తీసుకున్నాడు. ప్యూను సాయం చెయ్యబోతే వద్దన్నాడు. ఎవరి ట్యాగ్ వాళ్ళే తియ్యాలి కదా. నేను తలుపు అద్దంలోంచి చూసి, క్లాసు ఉందని వెళ్ళిపోయాను. ఆ గంటలో నాకు క్లాసు లేదు.

ఇక్కడితో అయిపోయి ఉంటే ఎలాగో బతికేసేదాన్నేమో. ఉద్యోగం పోయింది, పెన్షన్‌లాంటిదేదో వస్తోంది, సెక్టర్ 6 క్వార్టర్ లీజుకు తీసుకున్నారు కాబట్టి నీడకు లోటు లేదు అని సర్దిచెప్పుకునేదాన్ని. పండక్కీ పబ్బానికీ వెళ్ళేదాన్ని. అత్తయ్య టీ పెట్టేది. ఆవిడ మాటల మధ్యలో ఒక్కొక్క సంగతి బయటపడేది. మావయ్య మిక్సీ ప్లగ్గు తనను పెట్టమంటున్నాడట. ఏటీఎం దగ్గర మీట నొక్కడానికి వెనక నిలబడ్డవాళ్ళను బతిమాలుతున్నాడట. ఎదురింటివాళ్ళు ఫ్యాను చూడమని వస్తే, నాకు తెలవదమ్మా, ఎవరినైనా పిలుచుకోండి అని తలుపేశాడట. వయసొచ్చింది కదా అత్తయ్యా అనేదాన్ని. అలా అని టీ తాగేదాన్ని. ఏదో ఒక రోజు ఆయన హఠాత్తుగా నా వైపు తిరిగి, అవునూ పాపా, ఆ ఎక్కించినోళ్ళు ఎవరో తెలిసినాదా అని అడుగుతాడేమోనని ఎదురుచూసేదాన్ని. ఒక్కసారీ అడగలేదు. తన మీద తనకే అనుమానం అంతగా స్థిరపడిపోయింది.

ఈ ఎండాకాలంలో వాళ్ళ కూలర్ వైరు ఒంపు దగ్గర చిట్లింది. మావయ్య చూశాడు. చూసి పది రోజులైంది. ఎవరినైనా పిలువు, నేను ముట్టుకోను అంటూ వచ్చాడు. అత్తయ్య రేపు మాపు అంటూ ఒక ఉదయం కూలర్లో నీళ్ళు పోయబోయి దాన్ని పట్టుకుంది. కరెంటు ఆవిడ చెయ్యి వదల్లేదు. మెయిన్ స్విచ్ వరండా గోడకుంది, మావయ్య భుజానికి అడుగు దూరంలో. ఆయన చెయ్యి లేచింది. స్విచ్ దాకా వెళ్ళి ఆగిపోయింది. ఎవరైనా రండి అని వీధిలోకి అరిచాడు. ఎదురింటాయన పరుగున వచ్చి స్విచ్ దించాడు.

అత్తయ్య బతికింది. ప్లాంటు ఆసుపత్రిలో కుడి అరచేతికి కట్టుతో పడుకుని ఉంది. ఇంకొంచెం ఆలస్యమైతే మనిషి దక్కేది కాదని డాక్టరు అన్నాడట. బయట బెంచీ మీద మావయ్య రెండు చేతులూ మోకాళ్ళ మధ్య ఇరికించుకుని కూర్చున్నాడు. నన్ను చూసి లేవబోయాడు. ముప్ఫై నాలుగేళ్ళు కరెంటుతో ఆడుకున్న మనిషి మెయిను దించలేకపోవడం ఏమిటమ్మా, ఈయనకేమైంది అని అత్తయ్య నన్ను అడిగింది. ఆ ఆసుపత్రి మొత్తంలో ఆ జబ్బు పేరు తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. తెలియనప్పుడు ముట్టుకోకూడదని మందు రాసిచ్చింది నేనే.

అయినా వెంటనే చెప్పలేదు. చెప్పాననే అనుకుంటున్నారేమో. పదకొండు రోజులు లెక్క చూసుకున్నాను. ఉద్యోగం పోతుంది. పీహెచ్‌డీ మీద ప్రశ్న వస్తుంది. సాక్ష్యం చెరిపినందుకు నా మీదే కేసు పడొచ్చు. ఆ కంపెనీ లాయర్లు మళ్ళీ వస్తారు. మా ఆయన ఏమంటాడు, నా కూతురు బడిలో ఏం వింటుంది. ఒకవైపు ఇవన్నీ. ఇంకోవైపు స్విచ్ దాకా వెళ్ళి ఆగిపోయిన చెయ్యి. ఈసారి అత్తయ్య, వచ్చేసారి ఎవరు? ఆ చేతికి ధైర్యం తిరిగి రావాలంటే ఒక్కటే దారి. అది నా నోట్లోనే ఉంది.

నిన్న పొద్దున్న వెళ్ళాను. ఇద్దరూ వరండాలో ఉన్నారు. నిలబడే చెప్పాను. పెన్‌డ్రైవ్, ఆదివారం, పాస్‌వర్డ్, కేబుళ్ళు పీకడం, కంప్యూటర్లు తుడవడం, నివేదికలో వాక్యం, ఆఖరికి ల్యాబులో ఆయనకు నేను చెప్పిన మాట. ఏడవకూడదని ముందే నిశ్చయించుకున్నాను. ఏడిస్తే వాళ్ళు నన్ను ఓదార్చాల్సి వస్తుంది.

అత్తయ్య కట్టున్న చెయ్యి ఒళ్ళో పెట్టుకుని విన్నది. "ఇన్నేళ్ళూ మా ఇంట్లో టీ తాగతానే ఉన్నావు కదమ్మా" అంది. కోపంగా కూడా అనలేదు. లేచి లోపలికి వెళ్ళి తలుపు దగ్గరికి వేసుకుంది.

మావయ్య తల దించుకున్నాడు. నన్ను తిడతాడనుకున్నాను. ఎందుకు చేశావని అడుగుతాడనుకున్నాను. దానికి కూడా జవాబు తయారుగా ఉంది నా దగ్గర. ఆయన అది అడగలేదు.

"అయితే ఆ కేబుళ్ళు పెట్టడం గల్తీ కాదా?"

"కాదు మావయ్యా. సరైన పనే."

"మల్లీ సెప్పు."

మళ్ళీ చెప్పాను. కేబుళ్ళు పెట్టడం తప్పు కాదు, ఊడిన వైరు చూస్తే ఎవరైనా చెయ్యాల్సింది అదేనని చెప్పాను. ఆయన తల ఎత్తలేదు. ఇంక ఎల్లు అన్నాడు. పాపా అనలేదు, మేడమ్ గారూ అనలేదు. వచ్చేశాను.

ఇవాళ పొద్దున్న ప్రిన్సిపాల్‌కు ఉత్తరం ఇచ్చాను. నివేదిక తప్పని, చేసింది నేనని, అప్పల్నాయుడు గారి పేరు మీది మచ్చ తీసెయ్యాలని రాశాను. ఆయన రెండుసార్లు చదివాడు. ముగిసిపోయిన సంగతి మేడమ్, కాలేజీని మళ్ళీ బజారుకీడ్చకండి, ఇది వెనక్కి తీసుకోండి అన్నాడు. బల్ల మీద నా వైపు జరిపాడు. నేను తీసుకోలేదు. కాగితం ఇద్దరి మధ్యా ఉండగానే లేచి వచ్చాను. దాన్ని పై వాళ్ళకు పంపుతాడో, చింపేస్తాడో తెలియదు. చింపితే ఇంకోటి రాస్తాను.

మావయ్య నన్ను క్షమించలేదు. క్షమించమని నేను అడగలేదు కూడా. అడగడానికి మొహం లేదు. ఆయన చెయ్యి ఇకమీదట స్విచ్ మీద పడుతుందో లేదో నాకు ఎప్పటికీ తెలియకపోవచ్చు, ఎందుకంటే ఆ ఇంటి గుమ్మం ఎక్కే హక్కు నాకిప్పుడు లేదు. ప్యూను ఎప్పుడు వచ్చి పిలుస్తాడో తెలియదు. కాసేపట్లో ఇంటికెళ్ళి మా ఆయన ఎదుట కూర్చుని ఇదంతా మొదటి నుంచి చెప్పాలి.

ఆ పంతొమ్మిది కంప్యూటర్లలో దొంగ కాపీ ఎక్కించింది నేను. ఆయన కాదు. ఈ రెండు ముక్కలు రాశాక ఆరేళ్ళలో మొదటిసారి ఊపిరి కిందిదాకా దిగింది. భయం పోలేదు. కాకపోతే ఇన్నాళ్ళకు, భయపడాల్సిన మనిషి భయపడుతోంది.